గ్రీకు పురాణాలకు టీవీ హారర్ సినిమాలు చేస్తున్న అన్యాయం

సంపాదకుల వారికి,

నమస్కారం. రాత్రిపూట టీవీల్లో తెలుగు డబ్బింగ్‌తో వచ్చే విదేశీ హారర్ సినిమాల గురించి మీ ఆదివారం అనుబంధంలో ఇటీవల ఒక వ్యాసం వచ్చింది. గ్రీకు పురాణాలను పట్టుకుని తక్కువ ఖర్చులో తీసిన టీవీ సినిమాలను ఆ రచయిత ఒక్క వాక్యంలో తోసిపుచ్చారు. అంత తక్కువ డబ్బుతో అంతకంటే ఏం తీయగలరన్నది ఆ వాక్యం సారాంశం. ఆ సినిమాలు బాగాలేవన్న మాటతో నాకు పేచీ లేదు, అందుకు ఆయన చూపిన కారణంతోనే పేచీ. గుంటూరు, తెనాలి, విజయవాడల్లో నాటకాలకు లైటింగ్ చేస్తూ బతికినవాణ్ణి కనుక, చేతిలో డబ్బు లేనప్పుడు ప్రేక్షకుణ్ణి ఎలా భయపెట్టవచ్చో, ఏం చేస్తే ఆ భయం చెడిపోతుందో నాకు కొంత తెలుసు. ఆ తెలిసిన కొంచెం ఆధారంగా ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త పొడుగైనా పూర్తిగా ప్రచురించవలసిందిగా మనవి.

ఈ సినిమాలు ఎక్కడివో ముందు చెప్పాలి. అమెరికాలో 1992లో మొదలైన సై ఫై ఛానెల్, ఈ శతాబ్దం తొలి దశాబ్దంలో తన ప్రసారాల కోసమే చిన్న చిన్న సినిమాలు తీయించుకునేది. 2005లో 'సెర్బెరస్', 2006లో 'మినోటార్', 2007లో 'హార్పీస్', 2009లో 'హైడ్రా' ఆ వరుసలో వచ్చినవే. ఇలాంటి సినిమాకు సాధారణంగా పది ఇరవై లక్షల డాలర్లు పెడతారు. మనకది పెద్ద మొత్తంగా కనిపించినా హాలీవుడ్ లెక్కల్లో ఏ మూలకూ రాదు. అందుకే కూలీ, స్టూడియో అద్దె చవకగా దొరికే బల్గేరియా, రొమేనియా వంటి దేశాలకు వెళ్లి కొద్ది వారాల్లోనే షూటింగ్ ముగించుకుని వచ్చేవారు. ఇక్కడిదాకా తప్పు పట్టవలసిందేమీ లేదు, ఎవరి శక్తి కొద్దీ వారు తీసుకుంటారు.

చిక్కు ఆ తరువాత మొదలవుతుంది. టీవీ సినిమాకు ప్రకటనల విరామాలే కొలబద్ద. రెండు గంటల ప్రసారంలో సినిమా గంటన్నర ఉంటే, మిగిలిన అరగంట ప్రకటనలు ముక్కలు ముక్కలుగా మధ్యలో వచ్చి కూర్చుంటాయి. ప్రతి విరామానికీ ముందు చూసేవాడు రిమోట్ నొక్కకుండా ఆపే కుదుపు ఒకటి ఉండాలి. అంటే పది పన్నెండు నిమిషాలకోసారి మృగం కనిపించాలి, లేదా ఎవరో ఒకరు చావాలి. మృగం కనిపించాలంటే కంప్యూటర్ గ్రాఫిక్స్ కావాలి. ఉన్న కాస్త డబ్బులో పెద్ద వాటా ఆ గ్రాఫిక్స్‌కే పోతుంది, ఆ డబ్బుకు నాసిరకం గ్రాఫిక్సే వస్తాయి. చివరకు సినిమాలో అన్నిటికంటే బలహీనమైన అంశమే అన్నిటికంటే ఎక్కువసార్లు తెర మీదికి వస్తుంది. కథ, నటన, మాటలు దాని చుట్టూ సర్దుకోవలసి వస్తుంది. బడ్జెట్ తక్కువ కావడం వల్ల జరిగిన నష్టం కాదిది. ఉన్న బడ్జెట్‌ను ఎక్కడ పెట్టాలో నిర్ణయించడంలో జరిగిన నష్టం.

గ్రీకు కథల్లో మృగం చాలా ఆలస్యంగా వస్తుంది. అది వచ్చేలోపు జరిగేదంతా మనుషుల మధ్య జరుగుతుంది, అసలు భయమంతా అక్కడే ఉంటుంది. మినోటార్ కథనే తీసుకుందాం. క్రీట్ రాజు మినోస్ తన రాజ్యాధికారానికి గుర్తుగా ఒక ఎద్దును పంపమని సముద్ర దేవుడు పొసైడన్‌ను వేడుకుంటాడు, దాన్ని తిరిగి నీకే బలి ఇస్తానని మొక్కుకుంటాడు. సముద్రంలోంచి ఎద్దు వస్తుంది. అది చూడముచ్చటగా ఉండడంతో రాజుకు ఆశ పుడుతుంది. దాన్ని తన మందలో దాచుకుని మరో ఎద్దును బలి ఇస్తాడు. దేవుడి ఆగ్రహం రాజు మీద పడదు, అతని భార్య పసిఫే మీద పడుతుంది. ఆమెకు ఆ ఎద్దు మీదనే మోహం కలిగి, మనిషి ఒంటి మీద ఎద్దు తలతో ఒక బిడ్డ పుడతాడు. ఆ బిడ్డకు ఆస్టీరియస్ అనే పేరు కూడా ఉంది. పేరున్న ఆ బిడ్డను రాజు శిల్పి డెడలస్ చేత కట్టించిన చిక్కుదారుల భవనంలో బంధిస్తాడు. మొక్కు ఎగ్గొట్టింది రాజు, శిక్ష అనుభవించింది భార్య, చీకట్లో పెరిగింది బిడ్డ.

ఆ తరువాత మినోస్ కొడుకు ఏథెన్స్ గడ్డ మీద చనిపోతాడు. అందుకు పరిహారంగా ఏథెన్స్ వారు ఏడుగురు అబ్బాయిలను, ఏడుగురు అమ్మాయిలను క్రీట్‌కు పంపాలని మినోస్ కట్టడి చేస్తాడు. ఈ కప్పం తొమ్మిదేళ్లకోసారి కట్టేవారని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. ఎవరి పిల్లలు వెళ్లాలో చీట్లు తీసేవారు. మూడో విడత వచ్చేసరికి ఊళ్లో తండ్రులు రాజు ఏజియస్ మీద తిరగబడతారు. ఈ అనర్థానికంతటికీ మూలమైన మనిషి తన ఇంటి నుంచి ఎవరినీ పంపకుండా మా పిల్లలను మాత్రం లాక్కుంటున్నాడని వారి ఆవేదన. ఆ మాట విని రాజకుమారుడు థీసియస్ చీటీ అక్కర్లేదని, తానే వెళతానని ముందుకు వస్తాడు. ఓడ బయలుదేరేముందు జరిగినదాన్ని ప్లూటార్క్ ఇంకొక చోట చెబుతాడు. చీటీలో పేరు వచ్చిన పిల్లల తల్లులు రొట్టెలు, మాంసం పట్టుకుని వచ్చి, పిల్లలకు ధైర్యం చెప్పడానికి వాళ్లకు కథలు చెప్పేవారట. ఆ తల్లుల జ్ఞాపకార్థం ఏథెన్స్ పండుగల్లో ఆడవాళ్లు భోజనం మోసుకుపోయే ఆచారం, కథలు చెప్పే ఆచారం తరువాత కూడా నిలిచిపోయాయి. చావుకు వెళుతున్న బిడ్డకు రేవులో కూర్చుని అన్నం పెడుతూ కథ చెబుతున్న తల్లి కంటే భయంకరమైన దృశ్యాన్ని ఏ గ్రాఫిక్స్ సంస్థ తయారుచేయగలదు? దానికి అయ్యే ఖర్చు ఎంత? ఒక నల్ల తెరచాప, ఒక గంప, బాగా నటించగల ఇద్దరు మనుషులు.

ఇది మనకు పరాయి కథ కాదు. మహాభారతం ఆదిపర్వంలో ఏకచక్రపురం ఉంది. బకాసురుడికి రోజుకో ఇంటి నుంచి బండెడు అన్నం, రెండు దున్నపోతులు, వాటిని తోలుకెళ్లిన మనిషి ఆహారంగా పోవాలి. పాండవులు తలదాచుకున్న బ్రాహ్మణుడి ఇంటికి ఆ రోజు వంతు వస్తుంది. లోపలి గదిలోంచి ఏడుపు వినిపించి కుంతి వెళుతుంది. భర్త తాను వెళతానంటాడు, భార్య తాను వెళతానంటుంది, కూతురు ఎప్పటికైనా ఇంకొకరి ఇంటికి వెళ్లవలసినదాన్ని కనుక తననే పంపమంటుంది. అప్పుడు ఇంకా మాటలు సరిగా రాని చిన్న కొడుకు ఒక గడ్డిపరక చేత పట్టుకుని, దీంతో ఆ రాక్షసుణ్ణి చంపేస్తానంటాడు. అంత దుఃఖంలోనూ ఆ ఇంట్లో వారి ముఖాలు ఒక్క క్షణం విప్పారుతాయి. చిన్నప్పుడు ఈ కథ విన్న ప్రతి తెలుగువాడికీ బకాసురుడి రూపం కంటే ఈ ఇల్లే ఎక్కువ గుర్తుంటుంది. భీముడు బండి మీద కూర్చుని అన్నం తినేయడం ఆ తరువాతి సంగతి, అది పిల్లలు నవ్వుకునే ఘట్టం. రాక్షసుడి ఆకారం గురించి బెంగ లేకుండా ఈ కథను హరికథలో, బొమ్మలాటలో, వీధి నాటకంలో ఆడినా జనం కన్నీళ్లు పెట్టుకుంటారు.

2006 నాటి 'మినోటార్' సినిమాలో టామ్ హార్డీ అప్పటికి ఇంకా పెద్దగా పేరు రాని కుర్రవాడు, ఇప్పుడాయన ప్రపంచ ప్రఖ్యాత నటుడు. రట్గర్ హావర్, టోనీ టాడ్ వంటి గట్టి నటులు కూడా అందులో ఉన్నారు. నటులకు కొదవ లేదని చెప్పడానికే వారి పేర్లు చెబుతున్నాను. ఇటువంటి మనుషులను పెట్టుకుని కూడా సినిమాలో ఎక్కువ భాగం గుహలో పరుగులకు, ఒకరి తరువాత ఒకరు చావడానికి ఖర్చు చేశారు. మినోస్ ఆశ, పసిఫే అవమానం, చీట్లు తీసిన రోజు ఊరు ఎలా ఉందన్న సంగతి ఏవీ మనసుకు పట్టేంతసేపు తెర మీద నిలవవు. ఆ బందీ బిడ్డ మీద ఒక్క క్షణం జాలి పుట్టించగలిగితే, ఆ తరువాత అతడి అడుగుల చప్పుడు వినిపించినప్పుడు కలిగే భయం వేరుగా ఉండేది. జాలీ భయమూ ఒకే మృగం మీద కలగడమే ఆ కథలోని గొప్పతనం.

మెడూసా విషయంలో జరిగిన అన్యాయం నన్ను ఇంకా బాధిస్తుంది. మా వీధిలో ఎనిమిదో తరగతి చదివే పిల్లవాణ్ణి మెడూసా ఎవరని అడిగితే, 'తలలో పాములుండే దెయ్యం తాతగారూ, కళ్లలోకి చూస్తే రాయైపోతాం, తల నరికితేనే చస్తుంది' అని గబగబా చెప్పాడు. ఆమె తలలోకి పాములెలా వచ్చాయని అడిగితే, అది సినిమాలో చెప్పలేదన్నాడు. తప్పు ఆ పిల్లవాడిది కాదు, వాడు చూసిన దాంట్లో ఉన్నది అంతే. రోమన్ కవి ఓవిడ్ తన 'మెటమార్ఫోసెస్' నాలుగో సర్గలో ఆ సంగతి చెప్పాడు. మెడూసా అందమైన కన్య, ముఖ్యంగా ఆమె జుట్టు ఎంతో అందంగా ఉండేది. సముద్ర దేవుడు ఆమెను మినర్వా దేవి గుడిలోనే బలాత్కరిస్తాడు. దేవత అతణ్ణి ఏమీ అనదు, ఆమె జుట్టును పాములుగా మారుస్తుంది. అపరాధం ఒకరిది, శాపం ఇంకొకరికి. ఇంద్రుడు చేసిన దానికి అహల్య రాయైందని జనం నోట విన్న మనకు ఈ కథ అర్థం కావడానికి వ్యాఖ్యానం అక్కర్లేదు. అహల్య తానే రాయైతే, మెడూసా తనను చూసినవారిని రాళ్లుగా మార్చేది, అంతే తేడా. అహల్యకు రాముడి పాదం తగిలి విముక్తి కలిగింది. మెడూసా దగ్గరికి వచ్చినవాడు మాత్రం కత్తి పట్టుకుని, ఆమె నిద్రలో ఉండగా వచ్చాడు. ఈ రెండు కథలను పక్కపక్కన పెట్టుకుని చదివిన పిల్లకు లోకం గురించి తెలిసేది చాలా ఉంటుంది. ఆ అవకాశాన్ని సినిమా తుడిచిపెట్టి పాములను మాత్రం మిగిల్చింది.

హైడ్రా గురించి క్లుప్తంగా చెబుతాను. ఒక తల నరికితే రెండు మొలిచే జలసర్పమని అందరికీ తెలుసు, మన రక్తబీజుడికి దూరపు చుట్టం వంటిది. అయితే ఆ కథ లెర్నా చిత్తడి నేలల్లో ముగియదు. తమ్ముడి కొడుకు ఇయొలాస్ కాగడాలతో మెడలను కాలుస్తుండగా గ్రీకు వీరుడు హెరాక్లీస్ దాన్ని చంపి, దాని విషంలో తన బాణాలను ముంచుకుంటాడు. ఏళ్ల తరువాత అలాంటి ఒక బాణం తగిలి చనిపోతూ నెస్సస్ అనేవాడు, నా రక్తం నీ భర్త ప్రేమను నిలబెట్టే మందు అని హెరాక్లీస్ భార్యను నమ్మిస్తాడు. ఆమె ఆ రక్తం పూసిన బట్టను అమాయకంగా భర్తకు పంపుతుంది. ఎప్పుడో చంపిన పాము విషం అలా తిరిగి వచ్చి ఆ మహావీరుడి ఒంటిని కాల్చేస్తుంది. గెలుపే చావుగా తిరిగి రావడంలో ఉన్న భయానికి కంప్యూటర్ ఎందుకు? ఒక ఇల్లాలు, ఒక చీకటి గది, మడత విప్పుతున్న ఒక బట్ట చాలు.

ఇది నా సొంత సిద్ధాంతం కాదు, గ్రీకులు తామే పాటించిన పద్ధతి. వారి విషాద నాటకాల్లో చావులు దాదాపుగా రంగస్థలం మీద జరగవు. లోపల ఏదో జరుగుతుంది, దూత ఒకడు వచ్చి చూసినది చెబుతాడు. క్రీ.పూ. 428లో ప్రదర్శించిన యురిపిడీస్ నాటకం 'హిప్పొలిటస్'లో, అదే థీసియస్ పెద్దవాడయ్యాక, అబద్ధం నమ్మి తన కొడుకును శపిస్తాడు. శాపం ఫలించి సముద్రంలోంచి ఒక భయంకరమైన ఎద్దు లేస్తుంది. గుర్రాలు బెదిరి, ఆ కుర్రవాడు పగ్గాల్లో చిక్కుకుని బండల మీద ఈడ్చుకుపోబడతాడు. ఆ ఎద్దును ప్రేక్షకులు ఎన్నడూ చూడరు. కెరటం ఎంత ఎత్తు లేచిందో, అవతలి కొండ ఎలా కనిపించకుండా పోయిందో, గుర్రాలు ఎటు తిరిగాయో దూత చెబుతుంటే వింటారు. తండ్రి కూడా వింటాడు, విని మొదట తృప్తి పడతాడు. ఆ తండ్రి ముఖమే అక్కడ చూడవలసినది. ఇరవైనాలుగు శతాబ్దాల క్రితం మృగాన్ని చూపకుండా మృగభయం పుట్టించిన జాతి కథలకు, మృగాన్ని తప్ప మరేమీ చూపని సినిమాలు తీస్తున్నారు.

మాట బలం ఎంతటిదో గుంటూరు జిల్లావాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. పొన్నెకల్లు షేక్ నాజర్ గారు తంబురా భుజాన వేసుకుని పల్నాటి యుద్ధం చెబుతుంటే, వేషం మార్చకుండా, తెర దించకుండా, గుర్రం ఒక్కటి లేకుండా కారంపూడి యుద్ధభూమి ఎదుట నిలిచేది. వినేవాళ్లలో పెద్దవాళ్లు కళ్లు తుడుచుకునేవాళ్లు. ఆ కళకు ప్రభుత్వం 1986లో పద్మశ్రీ ఇచ్చింది. బుర్రకథకుడి గొంతు చేసిన పనిని కెమెరా చేయలేకపోవడానికి డబ్బు కారణమంటే నేను ఒప్పుకోలేను.

ఇక నాకు బాగా తెలిసిన విషయం, వెలుతురు. మా ఊరి కుర్రవాళ్లు ఒకసారి తెనాలిలో కీచక వధ ఘట్టం వేశారు. నర్తనశాలలో చీకట్లో భీముడు కాచుకుని ఉంటాడు, కీచకుడు వస్తాడు. దర్శకుడు ఎర్ర ఫ్లడ్ లైట్లు నాలుగు తెప్పించి భీముడి ముఖం మీద వేయమన్నాడు. రిహార్సల్‌లో వేసి చూస్తే మేకప్ అతుకులు, మీసం అంటించిన జిగురు కనిపించాయి కానీ భయం మాత్రం రాలేదు. అన్నీ ఆపేసి, వింగ్ వెనుక నేలకు ఆనించి ఒకే ఒక్క దీపం పెట్టి, ఉప్పునీళ్ల డిమ్మర్‌తో సన్నగా వెలిగించాం. కీచకుడు మనకు కనిపించకుండా నడిచి వస్తుంటే అతడి నీడ వెనుక తెల్ల తెర మీద మెల్లగా పెరిగి పైకప్పు దాకా పోయింది. కాలి కడియం చప్పుడు తప్ప మరే సంగీతం లేదు. ముందు వరుసలో చాపల మీద కూర్చున్న ఆడవాళ్లు పిల్లలను ఒళ్లోకి లాక్కున్నారు. మూడు లైట్ల అద్దె మిగిలింది కూడా.

హాలీవుడ్‌లో ఈ రహస్యం తెలిసినవాళ్లు లేకపోలేదు. 1942లో ఆర్‌కేఓ స్టూడియోలో వాల్ ల్యూటన్ అనే నిర్మాత లక్షన్నర డాలర్ల లోపు ఖర్చుతో 'క్యాట్ పీపుల్' తీయించాడు. అందులో ఈతకొలనులో ఒంటరిగా ఉన్న అమ్మాయి చుట్టూ గోడల మీద నీటి నీడలు కదులుతుంటాయి, ఒక గాండ్రింపు వినిపిస్తుంది, చిరుతపులి స్పష్టంగా కనిపించదు. ఎనభై ఏళ్లు దాటినా ఆ ఘట్టం చూసేవారికి ఇంకా గగుర్పాటు కలుగుతుంది. గ్రీకు కథల విషయానికే వస్తే, బొమ్మలను చేత్తో కొద్దికొద్దిగా కదిపి ఫ్రేము ఫ్రేముగా చిత్రించిన రే హారీహౌసెన్ 1981లో 'క్లాష్ ఆఫ్ ది టైటన్స్' కోసం మెడూసా ఘట్టం చేశాడు. అది డబ్బున్న సినిమాయే కానీ, ఆ ఘట్టం నిలిచింది డబ్బు వల్ల కాదు. మెడూసా తోక కొసన గిలక చప్పుడు ముందు వినిపిస్తుంది, మంటల వెలుగు ఆమె ముఖం మీద ఆడుతూ సగం చూపి సగం దాస్తుంది. వెలుతురు ఎక్కడ వేయాలన్న దానికంటే ఎక్కడ వేయకూడదన్నది తెలిసినవాడు చేసిన పని అది.

మన తెలుగు సినిమాలో బి. విఠలాచార్య గారు కూడా చవకగానే తీశారు. 1978 నాటి 'జగన్మోహిని'లో దయ్యం వంటింట్లో కట్టెలకు బదులు తన కాళ్లనే పొయ్యిలో పెట్టి వంట చేసే దృశ్యం చూసినవాళ్లెవరూ మరిచిపోలేదు. ఆ ట్రిక్కుకు పెద్ద ఖర్చేమీ కాలేదు. వంటిల్లు మనకు బాగా తెలిసిన చోటు కావడం వల్ల, ఆ దయ్యం కోడలి పని చేస్తూ కనిపించడం వల్ల అది మనసులో నాటుకుంది. ప్రేక్షకుడికి తెలిసిన జీవితాన్ని పట్టుకుంటే చిన్న ట్రిక్కు కూడా పెద్ద పని చేస్తుందని ఆయనకు తెలుసు. విదేశీ టీవీ సినిమాలు తీసేవారికి ఇది తెలియకపోవడం నాకు ఆశ్చర్యం కలిగిస్తుంది, ఎందుకంటే వారు తీసుకున్న మూల కథల్లో కావలసినంత జీవితం ఉంది.

ఇప్పుడు మన దగ్గర చేయదగినది ఏమిటో చెబుతాను. డబ్బింగ్ చేయించే ఛానెళ్ల వారు మాటల రచయితకు సినిమాతోపాటు మూల కథ కూడా చదవడానికి ఇవ్వాలి. సినిమా మింగేసిన సంగతిని ఒక్కోసారి రెండు వాక్యాల మాటతో తిరిగి చెప్పవచ్చు. కనీసం సినిమా మొదలయ్యే ముందు అర నిమిషం, ఈ కథ ఎక్కడిది, ఈ మృగం ఎలా పుట్టింది అన్నది చదివి వినిపించవచ్చు. ఇప్పుడు జరుగుతున్నది దీనికి విరుద్ధం. పేర్లు కూడా తీసేసి 'ఆ దెయ్యం', 'ఆ మృగం' అని నడిపిస్తున్నారు. రక్తం కనిపించే చోట కత్తెర వేస్తున్నారు, మంచిదే. కానీ ఆ కత్తెరతోపాటు మనుషులు కూర్చుని మాట్లాడుకునే నాలుగు సన్నివేశాలు కూడా నిడివి కోసం ఎగిరిపోతున్నాయి. 2024 నుంచి సెన్సార్ బోర్డు పిల్లల వయసును బట్టి ఏడు, పదమూడు, పదహారు ఏళ్ల అంతరువులతో యూఏ సర్టిఫికెట్లు ఇస్తోంది. ఏ వయసు పిల్లలకు ఎంత భయం తగునో ఆ గుర్తు చెబుతుంది. ఆ భయం వెనుక ఏ కథ ఉందో చెప్పే బాధ్యత మాత్రం ప్రసారం చేసేవారిదే.

విజయవాడ, మంగళగిరి, గుంటూరుల్లో సెల్‌ఫోన్లతో, చిన్న కెమెరాలతో షార్ట్ ఫిల్ములు తీస్తున్న యువతీయువకులకు ఒక మాట. హోమర్‌కు, యురిపిడీస్‌కు, ఓవిడ్‌కు హక్కుల డబ్బు కట్టనక్కర్లేదు, వ్యాసుడికీ నన్నయకూ అంతే. ఈ కథలు మనకు దూరమని కూడా అనుకోవద్దు. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో గ్రీకు భాషలో రాసిన 'పెరిప్లస్' అనే నౌకావ్యాపార గ్రంథంలో సన్నని నూలు బట్టలు తయారయ్యే మసాలియా తీరం ప్రస్తావన ఉంది. అది మన మచిలీపట్నం ప్రాంతమేనని చరిత్రకారులు చెబుతారు. ఆ ఓడల వాళ్లు సరుకులతోపాటు కథలు కూడా చెప్పుకుని ఉంటారని నా నమ్మకం.

చిక్కుదారుల భవనం కోసం సెట్టు వేయవలసిన పని లేదు. గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో ఒక్కసారి నడిచి చూడండి. కప్పు దాకా పేర్చిన బస్తాల మధ్య మనిషి పట్టేంత సందులు, ఒక సందులోంచి ఇంకో సందు, ఎక్కడో చివర ఒక బల్బు, ఒంటి మీదికి ఎక్కే చలి. మిర్చి ఘాటుకు దగ్గు వస్తుంది, దగ్గితే అవతల ఉన్నదానికి మనం ఎక్కడ ఉన్నామో తెలిసిపోతుంది. దగ్గు ఆపుకుంటున్న ఒక అమ్మాయి ముఖాన్ని దగ్గరగా చూపండి. ఆమె చేతిలో గోనె కుట్టే పురికొస ఒక కొస, రెండో కొస తలుపు దగ్గర కట్టి ఉంది. ఆ పురికొస ఉన్నట్టుండి బిగుసుకుంటుంది. అవతల లాగుతున్నది ఎవరో చూపనక్కర్లేదు. అయితే దానికి ముందు ఆ అమ్మాయి ఇక్కడికి ఎందుకు రావలసి వచ్చిందో, ఎవరి మాట తప్పడం వల్ల ఆమె వంతు వచ్చిందో పది నిమిషాలు ఓపికగా చెప్పండి. యజమానుల అనుమతి తీసుకుని, బస్తాలు ఒరిగి ప్రమాదం జరగకుండా జాగ్రత్తపడి మరీ తీయండి. లైటింగ్‌కు సాయం కావాలంటే నేను డబ్బు తీసుకోకుండా వస్తాను.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. మీ ఆదివారం పిల్లల పేజీలో చిన్న చిన్న నీతి కథలు వేస్తుంటారు. అక్కడ వారానికొకటి చొప్పున ఈ గ్రీకు కథలను మృగం పుట్టుకతో సహా, తల్లులతో సహా, శాపాలతో సహా, పిల్లల వయసుకు తగిన మాటల్లో పూర్తిగా వేయండి. మెడూసా కథ చెప్పేటప్పుడు ఆమెకు జరిగిన అన్యాయాన్ని దాచవద్దు, సున్నితంగా చెప్పగల రచయిత్రులు మన దగ్గర ఎందరో ఉన్నారు. బొమ్మ వేసే చిత్రకారులను మృగాన్ని కాకుండా రేవులో ఆ ఓడను వేయమనండి. మొదటి వారం క్రీట్ కథ వేస్తే, ఎదురుగా రెండో కాలమ్‌లో ఏకచక్రపురం కథ కూడా వేయాలని కోరుతున్నాను. టీవీలో ఆ సినిమాలు ఎక్కువగా శనివారం రాత్రి వస్తున్నాయి కనుక, మీ పేజీ ఆదివారం ఉదయం పిల్లల చేతికి అందడం సమయానికి కూడా సరిపోతుంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
బ్రాడీపేట, గుంటూరు.